పొగ తాగని మనిషికి 74 శాతం ఎందుకు వచ్చింది?

మీ ప్రశ్నను ముందుగా ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానమంతా అందులోని అంకెల చుట్టూనే తిరుగుతుంది. మీ వయసు 44. ఎన్నడూ సిగరెట్ ముట్టలేదు. ఉద్యోగంలో భాగంగా చేసిన ఆరోగ్య పరీక్షల్లో స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరీక్ష, చేశారు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి, అంటే ఎఫ్‌ఈవీ1, 2.6 లీటర్లు. మీ వయసుకు, ఎత్తుకు ఉండాల్సింది 3.5 లీటర్లు కాబట్టి రిపోర్టులో 74 శాతం అని వేశారు. ఊపిరంతా ఖాళీ అయ్యేదాకా ఊదిన గాలి, అంటే ఎఫ్‌వీసీ, 3.8 లీటర్లు. పసితనంలో రెండుసార్లు నెమ్ము చేసిందని అమ్మగారు చెప్పేవారని, నాన్నగారు ఇంట్లోనే పొగ తాగేవారని, చదువు అయ్యాక ఎనిమిదేళ్లు కర్రకోత పని జరిగే చోట ఉన్నానని రాశారు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఇకమీదట ఎంత వేగంగా తగ్గుతుంది, 15 ఏళ్ల మా అమ్మాయికి కూడా పరీక్ష చేయించాలా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఊపిరితిత్తుల విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్న వైద్యుడిగా నేను మొదట సరిచేయాలనుకునేది మీరు వాడిన 'తగ్గిపోయింది' అన్న మాటనే. తగ్గిందని చెప్పాలంటే ఒకప్పుడు నిండుగా ఉండేదని తెలియాలి. ఊపిరితిత్తుల సామర్థ్యం పుట్టుకతోనే వంద ఉండి, అక్కడి నుంచి అరుగుతూ వచ్చేది కాదు. గాలిగొట్టాలు కొమ్మలుగా చీలడం తల్లి కడుపులో దాదాపు 17వ వారానికే పూర్తవుతుంది. వాటి చివర ఉండే గాలిగదుల్లో ఎక్కువ భాగం పుట్టిన తర్వాత, బాల్యంలో ఏర్పడతాయి. పెద్దయ్యేసరికి వాటి సంఖ్య 30 నుంచి 50 కోట్ల దాకా చేరుతుంది. సామర్థ్యం ఎత్తుతోపాటు పెరుగుతూ 20, 25 ఏళ్ల మధ్య శిఖరానికి చేరుతుంది, కొన్నేళ్లు దాదాపు నిలకడగా ఉంటుంది, ఆ తర్వాత పొగ తాగని ఆరోగ్యవంతుల్లో కూడా ఏడాదికి 20 నుంచి 30 మిల్లీలీటర్ల చొప్పున దిగుతుంది. 30 మిల్లీలీటర్లంటే రెండు పెద్ద చెంచాలు, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం చూస్తే ఎవరికీ తెలియనంత.

కాబట్టి ఏ వయసులోనైనా మనం కొలిచే అంకెలో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి: ఎంత ఎత్తుకు ఎక్కారు, అక్కడి నుంచి ఎంత వేగంగా దిగారు. ముగ్గురు మనుషులను ఊహించుకోండి. లెక్క సులువుగా ఉండటానికి 25వ ఏటి నుంచే సమానంగా తగ్గుతుందనుకుందాం. మొదటివారు 4 లీటర్లతో మొదలై ఏడాదికి 30 మిల్లీలీటర్లు కోల్పోతే 65 ఏళ్లకు 2.8 లీటర్లు మిగులుతాయి. రెండోవారు కూడా అంతే నెమ్మదిగా కోల్పోయారు, కానీ 3 లీటర్ల దగ్గరే మొదలయ్యారు; వారికి మిగిలేది 1.8. మూడోవారు 4 లీటర్లతోనే మొదలై, ఏడాదికి 60 చొప్పున పోగొట్టుకున్నారు. వారికి మిగిలేది 1.6. ఆ వయసులో రెండోవారు, మూడోవారు ఒకే ఆయాసంతో నా గదిలోకి వస్తారు, ఒకే రకం రిపోర్టు చేతిలో పెడతారు. ఒకరి కథ 25 ఏళ్లకు ముందే ముగిసింది, ఇంకొకరి కథ అప్పుడే మొదలైంది. రిపోర్టు చూసి ఎవరు ఎవరో చెప్పలేం.

చాలాకాలం వైద్యులం మూడో మనిషినే చూశాం. 1977లో ఫ్లెచర్, పీటో అనే పరిశోధకులు లండన్‌లోని ఉద్యోగస్తులైన పురుషులను ఎనిమిదేళ్లు గమనించి గీసిన వక్రరేఖ ప్రతి వైద్య విద్యార్థికీ కంఠతా వచ్చు: పొగ తాగేవారిలో అది ఒంటికి సరిపడనివారికి దిగుదల ఏటవాలుగా ఉంటుంది, మానేస్తే వాలు మళ్లీ మామూలుకు వస్తుంది, పోయింది మాత్రం తిరిగిరాదు. ఆ గీత నేటికీ నిజమే. కానీ ఆ బొమ్మలో అందరూ ఒకే ఎత్తు నుంచి మొదలైనట్టు ఉంటుంది, అక్కడే మేమందరం పొరబడ్డాం. 2015లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికా, డెన్మార్క్ దేశాల్లో ఏళ్లతరబడి సాగిన మూడు పరిశీలనలను కలిపి చూసింది. చివరికి సీవోపీడీ, అంటే గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు, వచ్చినవారిలో సుమారు సగంమంది మాత్రమే నిండు సామర్థ్యం నుంచి వేగంగా దిగినవారు, వారి నష్టం ఏడాదికి సగటున 53 మిల్లీలీటర్లు. మిగతా సగంమందికి 40 ఏళ్లలోపే సామర్థ్యం తక్కువగా ఉంది, తర్వాత వారు కోల్పోయింది సగటున 27 మాత్రమే, అంటే మామూలు దిగుదలే. 40 ఏళ్లలోపు ఎఫ్‌ఈవీ1 ఉండాల్సినదానిలో 80 శాతం కన్నా తక్కువ ఉన్నవారిలో 22 ఏళ్ల తర్వాత 26 శాతం మందికి సీవోపీడీ వచ్చింది, మొదట బాగా ఉన్నవారిలో 7 శాతం మందికే వచ్చింది. 2023 నుంచి గోల్డ్ మార్గదర్శకాలు (సీవోపీడీపై వైద్యులు ప్రపంచవ్యాప్తంగా అనుసరించేవి) కూడా కారణాలనుబట్టి సీవోపీడీని విడదీస్తూ, ఎదుగుదల లోపం వల్ల వచ్చేదాన్ని ఒక రకంగా చేర్చాయి.

ఇప్పుడు మీ అంకెలకు వద్దాం. మీకు 900 మిల్లీలీటర్ల లోటు ఉంది. అదంతా 25 నుంచి 44 ఏళ్ల మధ్యనే పోయిందనుకుంటే, మామూలు దిగుదలకు అదనంగా ఏడాదికి 47 మిల్లీలీటర్ల చొప్పున పోయి ఉండాలి. మొత్తం కలిపితే 70 దాటుతుంది. అది విపరీతంగా పొగ తాగేవారిలో కనిపించే వేగం. పొగ తాగనివారిలో, గుర్తించని ఆస్తమా లాంటిది ఏదీ లేకుండా అంత వేగం ఉండటం అరుదు. అందువల్ల ఈ లోటులో ఒక భాగం మీరు అసలెప్పుడూ ఎక్కని మెట్లని నా అంచనా. ఇది అంచనాయే, తీర్పు కాదు. 25 ఏళ్ల వయసులో ఊదిన కాగితం ఒక్కటి ఉన్నా ఈ వాదన అంతా అవసరం ఉండేది కాదు. పాత ఉద్యోగంలో చేరేటప్పుడు పరీక్ష ఏదైనా చేసి ఉంటే ఆ కాగితాన్ని తప్పక వెతకండి.

ఎక్కకపోవడానికి కారణాలు పుట్టకముందు నుంచే మొదలవుతాయి. కడుపుతో ఉన్నప్పుడు తల్లి పొగ తాగడం వీటిలో బలమైనవాటిలో ఒకటి. నికోటిన్ మాయ దాటి బిడ్డ గాలిగొట్టాల ఎదుగుదలనే మార్చేస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, ముఖ్యంగా ఎక్కువ రోజులు వెంటిలేటర్ మీద, ఆక్సిజన్ మీద ఉండాల్సి రావడం, నిండు నెలలకే అయినా తక్కువ బరువుతో పుట్టడం కూడా ఈ కోవలోవే. జన్యువుల సంగతి ఒక్క మాటలో చెబుతాను: ఊపిరితిత్తులను కాపాడే ఒక ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉండే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం (1963లో గుర్తించారు) అరుదే అయినా, పొగ తాగకుండా చిన్న వయసులో ఇలాంటి రిపోర్టు వచ్చినవారికి ఒకసారి రక్తపరీక్ష చేయించడం సబబు. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు.

మీ పసితనపు నెమ్ము గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. ఇళ్లలో నెమ్ము అన్నది న్యుమోనియా కావచ్చు, వైరస్ వల్ల సన్నటి గాలిగొట్టాలు వాచే బ్రాంకియోలైటిస్ కావచ్చు, అన్నింటికీ మనకు ఒకటే మాట. ఏదైనా సరే, అది ఏ వయసులో వచ్చిందన్నది ముఖ్యం. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి 1930 మధ్య పుట్టిన మగపిల్లల బరువులు, జబ్బులు నర్సులు పుస్తకాల్లో రాసిపెట్టారు. వారిలో కొందరిని 60 ఏళ్ల వయసుకు చేరాక పరిశోధకులు వెతికి పట్టుకుని ఊదించారు. ఏడాది నిండకముందు బ్రాంకైటిస్ గానీ న్యుమోనియా గానీ వచ్చినవారి ఎఫ్‌ఈవీ1 సగటున 170 మిల్లీలీటర్లు తక్కువగా ఉంది, పొగ తాగే అలవాటును లెక్కలోంచి తీసేసిన తర్వాత కూడా. బ్రిటన్‌లోనే 1946లో పుట్టినవారిని గమనిస్తున్న మరో అధ్యయనంలో, రెండేళ్లలోపు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వచ్చినవారు పెద్దయ్యాక శ్వాస సంబంధ జబ్బులతో అకాలంగా మరణించే ముప్పు దాదాపు రెట్టింపుగా తేలింది.

అయితే నెమ్మే దోషి అని వెంటనే తేల్చేయకండి. అమెరికాలోని టూసాన్‌లో 1980 నుంచి పిల్లలను పుట్టిన దగ్గర నుంచి గమనించినప్పుడు, ఏ జబ్బూ రాకముందే గాలిగొట్టాలు సన్నగా ఉన్న పసిపిల్లలకే తర్వాత వైరస్‌లు సోకినప్పుడు పిల్లికూతలు ఎక్కువ వచ్చాయని తెలిసింది. అంటే కొందరిలో నెమ్ము లోపాన్ని తెచ్చిపెట్టింది, ఇంకొందరిలో అప్పటికే ఉన్న లోపాన్ని బయటపెట్టింది. ఒక మనిషి విషయంలో ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. అమ్మగారు సరిగ్గా చూసుకోలేదేమో అన్న ధ్వని మీ ప్రశ్నలో లీలగా వినిపించింది కాబట్టి ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

బాల్యం మధ్యలో రెండు పెద్ద విషయాలుంటాయి. ఒకటి ఆస్తమా. ఉత్తర అమెరికాలో ఆస్తమా ఉన్న 684 మంది పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తే, వారిలో నాలుగింట మూడొంతుల మంది సామర్థ్యం సరిగ్గా పెరగలేదు లేదా తొందరగా తగ్గడం మొదలైంది. 26 ఏళ్లు వచ్చేసరికే 11 శాతం మంది రిపోర్టులు సీవోపీడీ కొలతకు సరిపోయాయి. 'వయసు వస్తే అదే పోతుందిలే' అని వదిలేసిన పిల్లికూతలు నిజంగానే వినపడకుండా పోతాయి, కానీ లోటు మాత్రం ఎక్కడికీ పోదు. మీకు 5, 10 ఏళ్ల వయసులో రాత్రిపూట దగ్గు, ఆటలో ముందుగా అలసిపోవడం, తరచూ తుమ్ములు ఉండేవా అన్నది ఇంట్లో పెద్దవారిని అడిగి రాసిపెట్టుకోండి. నెమ్ము కన్నా ఇది మీ వైద్యునికి ఎక్కువ పనికొస్తుంది.

రెండోది పీల్చిన గాలి. దక్షిణ కాలిఫోర్నియాలో 12 ఊళ్ల పిల్లలను 10 నుంచి 18 ఏళ్లు వచ్చేదాకా గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. సన్నటి ధూళికణాలు అతి తక్కువగా ఉన్న చోట 18 ఏళ్లకు సామర్థ్యం 80 శాతం కన్నా తక్కువ ఉన్నవారు 1.6 శాతం, అతి ఎక్కువగా ఉన్న చోట 7.9 శాతం. తర్వాతి ఏళ్లలో అదే ప్రాంతంలో గాలి శుభ్రపడింది, ఆపై పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు మునుపటి పిల్లల కంటే బాగా ఎదిగాయి. మీ నాన్నగారి పొగ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తల్లి గర్భంతో ఉండగా తాగినంత ప్రభావం దానికి లేకపోయినా, మూసిన గదిలో రోజూ పీల్చిన పిల్లల్లో అది కొలవగలిగినంత తేడాను చూపిస్తుంది.

ఇక దిగుదల. దీన్ని వేగంగా మార్చేవాటిలో పొగ తాగడాన్ని మించింది లేదు. మీకు వర్తించకపోయినా ఈ మాట చదివే ఇతరుల కోసం ఒక లెక్క చెబుతాను. ఉత్తర అమెరికాలో జరిగిన లంగ్ హెల్త్ స్టడీలో 11 ఏళ్లపాటు చూస్తే, పొగ తాగుతూనే ఉన్న పురుషులు ఏడాదికి 66 మిల్లీలీటర్లు, స్త్రీలు 54 మిల్లీలీటర్లు కోల్పోయారు. మానేసి మళ్లీ ముట్టని పురుషులు 30, స్త్రీలు 22 మాత్రమే కోల్పోయారు. సీవోపీడీకి మేము రాసే ఏ మందూ వాలును ఇంతగా మార్చినట్టు నేను చూడలేదు.

పొగ తాగనివారిలో నేను ముందుగా అడిగేది పని గురించే. ప్రపంచంలోని సీవోపీడీలో దాదాపు 14 శాతం పనిచేసే చోట పీల్చిన ధూళి, పొగ, ఆవిరుల వల్ల వచ్చిందని అమెరికా, ఐరోపా శ్వాసకోశ వైద్య సంఘాలు 2019లో ఉమ్మడిగా అంచనా వేశాయి. రాతి పొడి, బొగ్గు, పత్తి, ధాన్యపు దుమ్ము, వెల్డింగ్ పొగ, తుడిచే రసాయనాలు ఇందులో ఉన్నాయి. మీ రంపపు పొట్టు కూడా ఉంది. రంపం కింద రాలే ముతక పొట్టు ముక్కులోనే ఆగుతుంది. ఇసుక కాగితంతో నునుపు చేసేటప్పుడు లేచే మెత్తటి పొడి లోపలికి పోతుంది. మీరు ఆ ఎనిమిదేళ్లలో ఏ పని చేశారు, సెలవు రోజుల్లో దగ్గు తగ్గేదా, వారం మొదట్లో మళ్లీ పెరిగేదా అన్నది నాకు సంవత్సరాల సంఖ్య కన్నా ముఖ్యం. సెలవుల్లో తేరుకునే దగ్గు పని వల్ల వచ్చే ఆస్తమాకు గట్టి ఆనవాలు.

కట్టెలు, పిడకలు, బొగ్గు మండించే ఇళ్లలో వంటపొగ ఇదే పని చేస్తుంది, అందులోనూ ఎక్కువగా స్త్రీలకు. దక్షిణ చైనాలోని 12 గ్రామాల్లో 2002 నుంచి 9 ఏళ్లపాటు గమనిస్తే, బయోగ్యాస్‌కు మారి, వంటగదికి పొగ బయటికి పోయే మార్గం పెట్టుకున్నవారిలో సామర్థ్యం నెమ్మదిగా తగ్గింది. క్షయ పూర్తిగా నయమైన తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో మచ్చలు, వంకర తిరిగిన గాలిగొట్టాలు మిగిలిపోవచ్చు. ఎప్పుడో టీబీ మందులు వాడి ఉంటే, అది ఎన్నేళ్ల కిందటి మాటైనా వైద్యునికి చెప్పాలి. బరువు విషయం వేరు. పొట్ట పెరిగితే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, అంటే డయాఫ్రమ్, కిందికి దిగడానికి చోటు తగ్గి ఎఫ్‌వీసీ, ఎఫ్‌ఈవీ1 రెండూ పడిపోతాయి, కానీ వాటి నిష్పత్తి పెద్దగా మారదు. ఈ జాబితా మొత్తంలో తిరిగి సంపాదించుకోగలిగిన నష్టం దాదాపు ఇదొక్కటే. మీ నిష్పత్తి తగ్గింది కాబట్టి మీ రిపోర్టుకు బరువు ఒక్కటే కారణం కాలేదు.

ఆ నిష్పత్తి దగ్గరే మీ పరీక్ష అసంపూర్ణంగా ఆగిపోయింది. 2.6ను 3.8తో భాగిస్తే 0.68 వస్తుంది. 0.70 కన్నా తక్కువ ఉంటే గాలిగొట్టాల్లో అడ్డంకి ఉన్నట్టు, కానీ సీవోపీడీ అనడానికి ఈ అంకెను మందు పీల్చిన తర్వాత చూడాలి. ఇన్‌హేలర్‌తో 400 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ ఇచ్చి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదించాలి. ఎఫ్‌ఈవీ1 అప్పుడు 3.2కు ఎగబాకితే మీది ప్రధానంగా ఆస్తమా, అంటే చికిత్సకు లొంగేది. 2.6 దగ్గరే ఉండిపోతే పైన చెప్పిన ఎదుగుదల లోపం వైపు అనుమానం బలపడుతుంది.

ఊదిన తీరు కూడా చూడాలి. ముక్కుకు క్లిప్పు పెట్టి, పెదవులు గొట్టం చుట్టూ సందులేకుండా బిగించి, నిండా పీల్చి, తటపటాయించకుండా ఒక్కసారిగా కొట్టినట్టు ఊది, ఇక రాదనిపించిన తర్వాత కూడా ఊదుతూనే ఉండాలి. మొదట్లో మెల్లగా మొదలుపెడితే ఎఫ్‌ఈవీ1 తక్కువ చూపిస్తుంది. ముందే ఆపేస్తే ఎఫ్‌వీసీ తక్కువై, నిష్పత్తి ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. కనీసం మూడు మంచి ఊదులు ఉండాలి, వాటిలో పెద్దవైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లకు మించకూడదు. ఉద్యోగపు శిబిరాల్లో పది మంది వరుసలో నిలబడి ఉండగా ఒకటి, రెండు ఊదులతో సరిపెట్టిన రిపోర్టులు నేను చాలానే చూశాను. మీ కాగితంలో గ్రాఫ్ ఉంటే దాన్ని జాగ్రత్త చేయండి. వైద్యుడు అంకెల కన్నా ముందు చూసేది ఆ గీతనే.

మీ రెండో ప్రశ్నకు, అంటే ఎంత వేగంగా తగ్గుతుందన్నదానికి, ఒక్క రిపోర్టుతో సమాధానం రాదు. ఊదిన ప్రతిసారీ వచ్చే సహజమైన తేడా ఏడాది దిగుదల కన్నా పెద్దది, కాబట్టి వచ్చే సంవత్సరం 2.5 వస్తే భయపడాల్సిన పనిలేదు, 2.7 వస్తే నయమైందనుకోవడానికీ లేదు. సరైన పరీక్ష ఇప్పుడొకటి, తర్వాత ఏడాదికొకటి చొప్పున, వీలైతే అదే యంత్రంపై మూడు, నాలుగేళ్లు చేయిస్తే మీ వాలు తెలుస్తుంది. అది ఏడాదికి 30 మిల్లీలీటర్ల దగ్గర ఉంటే, మీరు నా లెక్కలోని రెండో మనిషి. 65 ఏళ్ల వయసులో దాదాపు 2 లీటర్లు మిగులుతాయి, మెట్లెక్కేటప్పుడు ఆగాల్సి రావచ్చు గానీ మీ పనులు మీరు చేసుకోగలుగుతారు. తక్కువ ఎత్తు నుంచి దిగేవారికి ప్రతి చెంచా విలువైనదే. ఆస్తమా ఉంటే రోజూ వాడే ఇన్‌హేలర్ ఆపకపోవడం, ఇన్‌ఫ్లుయెంజా టీకా, న్యుమోనియా తెచ్చే న్యుమోకోకస్ బ్యాక్టీరియా టీకాల గురించి వైద్యుణ్ని అడగడం, ధూళి ఉన్న పనికి మళ్లీ వెళ్లాల్సివస్తే సరిగ్గా అమరే మాస్కు లేకుండా వెళ్లకపోవడం మీ చేతిలో ఉన్నవి.

మీ అమ్మాయికి దగ్గు, పిల్లికూతలు, ఆటలో తోటివారికన్నా ముందే ఆయాసం లాంటివి ఏవీ లేకపోతే ఇప్పుడు పరీక్ష అవసరం లేదు. ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మందు పీల్చకముందు ఒకసారి, పీల్చిన తర్వాత ఒకసారి ఊదించండి. ఆమె ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నాయి, శిఖరానికి మరికొన్నేళ్లు ఉంది. ఈలోగా ఇంట్లో ఎవరూ పొగ తాగకపోవడం, స్నేహితుల ద్వారా సిగరెట్ గానీ ఈ-సిగరెట్ గానీ అలవాటు కాకుండా చూసుకోవడం ఈరోజు ఆమెకు చేయించే ఏ పరీక్ష కన్నా ఎక్కువ పని చేస్తాయి. 20 ఏళ్లు దాటాక, జలుబు, దగ్గు లేని రోజు చూసి ఒకసారి ఊదించి ఆ కాగితం దాచిపెట్టమనండి. మీ దగ్గర లేనిది ఆ కాగితమే.